మొదటి శీలం దగ్గర

వైశాఖ పున్నమి. ఏడు కాకముందే
పార్శిగుట్ట మెట్లు కాళ్లకు సుర్రుమంటున్నయి.
పిండిగిర్నీ మీద ఒక్కటే రూము, మా విహారం.
కింద జొన్నలు పోస్తే పైన నేల వణుకుతది,
బుద్ధుని ముందటి దీపం సుత.

పాయసం గిన్నె నెత్తిన పెట్టుకొని ఎక్కుతున్న.
ఎనక మా విశాఖ, తెల్లగౌను, చేతిల మల్లెల పొట్లం.
దానెనక, రెండు మెట్లు కిందనే, వాళ్ల నాయిన.

రాత్రి ఆయన గోళ్లు నిమ్మచెక్కతోని రుద్దిన.
పదహారేండ్ల సంది చిలకలగూడల
కోళ్లు కోస్తున్న చేతులు.
నిమ్మకాయ ఎంతని తీస్తది?
"ఇగ చాలు తియ్యే" అన్నడు.
నేను అటు తిరగంగనే వాసన చూసుకున్నడు.

లోపల అయిదు రంగుల కాయితం జెండాలు.
ధమ్మపాల సారు, రైల్వేల ఉన్నప్పుడు యాదగిరి,
కుండీల బోధి మొక్కకు వచ్చినోళ్లందరితోని
తలా ఒక చెంబు పోయిస్తున్నడు.
గిన్ని నీళ్లకు అది మురిగిపోతదేమోనని నా భయం.
నాగపూరు నుంచి వచ్చిన భంతేజీకి తెలుగు రాదు,
మాకు పాళీ రాదు,
నడుమ హిందీ ఉన్నది.

"పాణాతిపాతా వేరమణీ..."
రూమంతా ఒక్క గొంతయితది.
చెప్పుల పక్కన, ఆఖరి వరుసల,
ఆయన పెదవులు బిగబట్టుకుంటడు.
రెండోదాని దగ్గర నోరు తెరుస్తడు.
మూడు, నాలుగు, సారా ముట్టనన్న అయిదు,
అందరికంటే గట్టిగ చెప్తడు,
బాకీ తీర్చినట్టు.
ఏడేండ్లుగా చూస్తున్న. ఎన్నడూ అడగలే.

ఈయేడు విశాఖ అడిగింది.
సరిగ్గ అప్పుడే కరెంటు పోయింది,
గిర్నీ ఆగింది, ఫ్యాను ఆగింది,
దాని గొంతొక్కటే మిగిలింది:
"నాయినా, నువ్వు మొదటిది ఎందుకు చెప్పవు?"

మెడలన్నీ తిరిగినయి.
ఆయన చేతులు ఒళ్లో పెట్టుకొని వాటినే చూసుకున్నడు.
"నాలుగోది ఉన్నది గద బిడ్డా, అబద్ధమాడనని.
అది నిలుపుకుందామని
ఇది విడిచిపెడుతున్న."

సారు ఆ మాట హిందీల చెప్పిండు. సగమే చెప్పిండనుకుంట.
భంతేజీ నవ్వలే, నీతి చెప్పలే,
చానాసేపు విసనకర్ర ఊపుకున్నడు.
తర్వాత అడిగిండు: "కల్ సుబహ్ తక్?"
పొద్దు పొడిచేదాక. గంతవరకైతే చెప్తవా?

మా ఆయన లెక్క వేసుకున్నడు,
నిజంగనే, వేళ్ల మీద.
ఇయ్యాల షాపు బంద్. బండి వచ్చేది తెల్లారగట్ల.
"గంతవరకైతే చెప్త."
ఒక్కడే లేచి నిలబడి చెప్పిండు. నడుమల నాలుక మడతపడ్డది.
విశాఖ అందిచ్చింది.

సాయంత్రం ట్యాంక్‌బండ్.
పడవ టికెట్టుకు పైసలు చాలక ఇవతలి గట్టునే కూసున్నం.
నీళ్ల నడుమ ఆయన,
రెండేండ్లకు పైన ఈ సాగరు బురదల పండుకొని లేచినాయన.
ఆయనతోని మునిగిన మనుషుల సంగతి
చెప్పకుండ మా అమ్మ ఏ పున్నమినీ గడవనియ్యదు.
చీకటి పడంగనే దోమలు.
ఒకటి మా ఆయన మోచేతి మీద వాలింది.
చెయ్యి లేసింది, గాల్లో ఆగింది.
"తాగు తల్లీ, రేపటిదాకనే."
నాకు నవ్వాగలే. నవ్వుకుంటనే నా మెడ మీద దాన్ని
టపీమని కొట్టిన.
"నువ్వు అయిదూ చెప్పినవు గద పొద్దుగాల" అన్నడు.

నాలుగున్నరకు హారన్.
నేను షాపు కడుగుదామని చీపురు పట్టుకొని పోయేసరికి
డీసీఎం వచ్చి ఉన్నది, జాలీ పెట్టెల నిండ కోళ్లు.
ఆయన మెట్టు మీద కూసున్నడు, షట్టర్ లేపలే.
"ఐలేశన్నా, దించుకోరాదే, ఇంకా నాలుగు షాపులున్నయి."
"జర ఆగు తమ్మీ."
ఒక కోడి జాలీలకెల్లి మెడ బయటపెట్టి
ఒంటికన్నుతోని ఆయననే చూస్తున్నది.
డ్రైవరు ఇంకోసారి హారన్ కొట్టిండు.
"పొద్దు పొడవనియ్యి" అన్నడు మా ఆయన,
పడమటి దిక్కు,
నీళ్ల ట్యాంకు మీద ఇంకా దిగని
చందమామను చూసుకుంట.